అమ్మకానికి రాని కెమెరాతో సినిమా

2007 ఏప్రిల్. లాస్ వేగాస్‌లో ఏటా జరిగే ఎన్‌ఏబీ ప్రదర్శన. సినిమా, టీవీ సామగ్రి తయారుచేసే కంపెనీలు తమ కొత్త సరుకు పరిచి చూపించే పెద్ద సంత అది. అక్కడ ఒక స్టాలు ముందు జనం బారులు తీరి నిలబడ్డారు. లోపల వేస్తున్నది పావుగంటకు మించని చిన్న సినిమా. పేరు ‘క్రాసింగ్ ది లైన్’. మొదటి ప్రపంచయుద్ధం నాటి దృశ్యాలు, కందకాలు, బురద, తలల మీదుగా దూసుకుపోయే పాతకాలపు విమానాలు. తీసినవాడు ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ దర్శకుడు పీటర్ జాక్సన్. అయితే జనం అంతసేపు నిలబడింది కథ కోసం కాదు. ఆ సినిమా తీసిన కెమెరా అప్పటికింకా బజారులోకే రాలేదు.

ఆ కెమెరా పేరు రెడ్ వన్. చలువ కళ్లద్దాలకు పేరుపడ్డ ఓక్లీ కంపెనీని స్థాపించిన జిమ్ జన్నార్డ్ 2005లో రెడ్ అనే కంపెనీ పెట్టాడు. మరుసటి ఏడాది ఇదే సంతలో తన కెమెరా గురించి ప్రకటించాడు. అప్పటికి పనిచేసే యంత్రం లేదు. ఉన్నది ఒక ఆకారం, ఒక మాట. ధర 17,500 డాలర్లు అన్నాడు. ఆ స్థాయి డిజిటల్ సినిమా కెమెరా కొనాలంటే అప్పట్లో లక్ష డాలర్లు దాటేది. వెయ్యి డాలర్ల అడ్వాన్సు కట్టి పేరు రాయించుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, ఇదంతా జరిగే పని కాదని పెదవి విరిచినవాళ్లూ అంతే ఉన్నారు. ఆ అనుమానం తీరడానికి కంపెనీ చేసిన పని ఒకటే. బోరిస్, నటాషా అని ముద్దుపేర్లు పెట్టుకున్న రెండు నమూనా కెమెరాలను న్యూజీలాండ్‌లో ఉన్న జాక్సన్‌కు అప్పగించింది.

జాక్సన్ వాటిని స్టాండు మీద పెట్టి, గోడకు రంగుల చార్టు అంటించి, నాలుగు బొమ్మలు తీసి పంపినా సరిపోయేది. ఆయన ఆ పని చేయలేదు. పొగలోకి, మట్టిలోకి, గాలిలోకి తీసుకెళ్లి, కొద్దిరోజుల్లోనే ఒక యుద్ధం సినిమా తీసేశాడు. దాన్ని చూసిన స్టీవెన్ సోడర్‌బర్గ్, చే గువేరా మీద తాను తీయబోతున్న ‘చే’ కోసం అవే కెమెరాలు కావాలన్నాడు. 2007 వేసవిలో స్పెయిన్‌లో ఆ షూటింగు మొదలైంది. అడ్వాన్సు కట్టినవాళ్లకు తొలి కెమెరాలు చేరింది ఆ ఆగస్టు 31న. అంటే కొన్నవాళ్ల చేతికి రాకముందే ఆ కెమెరా ఒక పెద్ద సినిమా మీద కష్టపడటం మొదలుపెట్టేసింది.

సాధారణ ప్రేక్షకుడికి ఇందులో ఒక ప్రశ్న రావాలి. కెమెరా తయారుచేసే కంపెనీల్లో ఆరితేరిన ఇంజనీర్లు ఉంటారు, కొలతల గదులు ఉంటాయి. మరి పూర్తి కాని యంత్రాన్ని బయటివాళ్ల చేతిలో ఎందుకు పెడతారు? లక్షల డాలర్ల షూటింగు నడుపుతున్నవాళ్లు దాన్ని నమ్మి ఎందుకు తీసుకుంటారు?

ముందుగా కొలతల గదిలో ఏం తెలుస్తుందో చూద్దాం. సెన్సర్ ఎంత వెలుగును పట్టుకోగలదో తెలుస్తుంది. కెమెరావాళ్లు దీన్ని స్టాపుల్లో చెబుతారు. ఒక స్టాపు పెరిగితే వెలుగు రెట్టింపు, ఒక స్టాపు తగ్గితే సగం. ఫలానా కెమెరా 14 స్టాపులు పడుతుందని చెప్పారనుకోండి. ఒకే ఫ్రేములో ఉన్న అతి మసక వివరానికీ అతి ప్రకాశమైన వివరానికీ మధ్య 16,000 రెట్లకు పైగా తేడా ఉన్నా రెండూ దక్కుతాయని దాని అర్థం. గదిలో దీపాలు పెట్టి ఈ లెక్క తేల్చవచ్చు.

కానీ ఈ లెక్క మన ఇంట్లోకి వచ్చేసరికి వేరుగా ఉంటుంది. మే నెల మిట్టమధ్యాహ్నం. మండువా ఇంటి గుమ్మం పక్కన, లోపలి నీడలో ఒక పెద్దావిడ కూర్చుని బియ్యం ఏరుతోంది. ఆమె వెనక తెరిచిన తలుపులోంచి ఎండ కాస్తున్న వాకిలి కనిపిస్తోంది. మన కంటికి ఆమె ముఖం మీద ముడతలూ కనిపిస్తాయి, వాకిట్లో ముగ్గూ కనిపిస్తుంది. కెమెరాకు రెండూ కనిపించాలంటే ఆ స్టాపులన్నీ కావాలి. అయితే అసలు పరీక్ష అంకెలో లేదు. వాకిలి తెల్లబడి పేలిపోయేచోట అది ఎలా పేలుతోందన్నదే అసలు సంగతి. మెల్లగా, పాలు పొంగినట్టు తెల్లబడుతోందా? లేక కత్తిరించి అతికించినట్టు ఒక గీత దగ్గర ఠక్కున తెల్లబడుతోందా? ఫిల్ము రోజుల్లో మన కళ్లు మొదటి రకానికి అలవాటుపడ్డాయి. రెండో రకం కనిపిస్తే ప్రేక్షకుడికి కారణం తెలియకపోయినా, సీరియల్ చూస్తున్నట్టుందే అనిపిస్తుంది.

అందుకే అనుభవం ఉన్న సినిమాటోగ్రాఫర్ చేతికి కొత్త కెమెరా వస్తే మొదట చేసే పని దాన్ని కష్టపెట్టడం. ఒక మనిషిని కూర్చోబెడతారు. పక్కన బూడిదరంగు అట్ట పట్టుకుంటారు. తన మీద పడిన వెలుగులో 18 శాతం తిప్పిపంపే అట్ట అది. సరైన ఎక్స్‌పోజరులో ఒక షాటు తీస్తారు. తర్వాత లెన్సు ఒక్కో స్టాపు తెరుస్తూ పోతారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ముఖం తెల్లబడిపోతుంది. మళ్లీ మొదటికి వచ్చి, ఈసారి ఒక్కో స్టాపు మూస్తూ పోతారు. ముఖం చీకట్లో కలిసిపోతుంది. ఆ షాట్లన్నీ రంగులు, వెలుగు సరిచేసే డీఐ గదికి తీసుకెళ్లి, అన్నింటినీ మామూలు వెలుగుకు తెచ్చి పక్కపక్కన పెడతారు. మూడు స్టాపులు ఎక్కువైన షాటులో చెంప మీది మెరుపు తిరిగి వచ్చిందా, లేక అక్కడ సున్నం పూసినట్టు ఒక మచ్చ మిగిలిందా? నాలుగు స్టాపులు తక్కువైన షాటులో జుట్టు నల్లగానే ఉందా, ఆకుపచ్చ ఇసుక రేగుతోందా? ఈ పరీక్షకు పెద్ద సెట్టు అక్కర్లేదు, సగం రోజు చాలు. ఆ కెమెరాను ఎంతవరకు నమ్మాలో ఇక్కడే సగం తేలిపోతుంది.

మిగతా సగం బయట తేలుతుంది. నల్ల సూర్యుడి సంగతే తీసుకోండి. తొలితరం డిజిటల్ కెమెరాల్లో కొన్నిటిని నేరుగా సూర్యుడి వైపు తిప్పితే, మండే బింబం మధ్యలో ఒక నల్లచుక్క వచ్చేది. అంత వెలుగులో చీకటి ఎక్కడిది? సెన్సర్ మీద ఉండే ఒక్కో పిక్సెల్‌ను ఒక చిన్న గిన్నె అనుకోండి. వెలుగు పడినకొద్దీ అందులో విద్యుదావేశం నిండుతుంది. లెక్క పక్కాగా రావాలని సెన్సర్ రెండుసార్లు కొలుస్తుంది. గిన్నె ఖాళీ చేసిన వెంటనే ఒకసారి, నిండిన తర్వాత ఒకసారి. రెండో కొలతలోంచి మొదటిది తీసేస్తే వచ్చేది అసలు వెలుగు. సూర్యుడు నేరుగా పడ్డచోట, గిన్నె ఖాళీ చేసిన ఆ క్షణంలోనే మళ్లీ నిండిపోతుంది. ఖాళీ అనుకుని కొలిచింది కూడా నిండుగానే ఉంటుంది. నిండులోంచి నిండు తీసేస్తే మిగిలేది సున్నా. సున్నా అంటే నలుపు. కొలతల గదిలో సూర్యుడు ఉండడు కాబట్టి ఈ లోపం బయటపడదు. సాయంత్రం గట్టు మీద హీరో వెనక అస్తమించే సూర్యుణ్ణి పెట్టి షాటు తీసే దర్శకుడికి మొదటి రోజే బయటపడుతుంది.

ఎండలోనే బయటపడేది ఇంకొకటి ఉంది. పట్టపగలు లెన్సు బాగా తెరిచి తీయాలంటే వెలుగు తగ్గించడానికి ఎన్‌డీ అనే నల్లద్దం ఫిల్టరు వేస్తారు. పాతరకం ఫిల్టర్లు కంటికి కనిపించే వెలుగును ఆపుతాయి గాని, కనిపించని పరారుణ కిరణాలను అంతగా ఆపవు. ఫిల్టరు ఎంత ముదురైతే, లోపలికి వచ్చే వెలుగులో ఆ కిరణాల వాటా అంత పెరుగుతుంది. సెన్సర్‌కు అవీ కనిపిస్తాయి. ఫలితంగా కోర్టు మెట్లు దిగే లాయరు నల్లకోటు తెర మీద ముదురు వంగపండు రంగులోకి తిరుగుతుంది. కొన్ని బట్టలకు జరుగుతుంది, కొన్నిటికి జరగదు. ప్యాంటు నల్లగా ఉండి కోటు మాత్రమే రంగు మారిందంటే డీఐలో సరిచేయడం ఎంత తలనొప్పో ఆ పని చేసేవాళ్లకే తెలుసు. ఇలాంటివి ముందే తెలిస్తే కంపెనీ సెన్సర్ ముందు ఉండే అద్దాన్ని మార్చుకుంటుంది. అమ్మకాలు మొదలయ్యాక తెలిస్తే ఆ భారం కొన్నవాడి మీద పడుతుంది.

ఇప్పుడు మనకు బాగా దగ్గరి విషయం, కరెంటు. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు తిరుగుతుంది. అందువల్ల పాతరకం చోకు ఉన్న ట్యూబులైటు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంది. కన్ను పట్టుకోలేదు గాని కెమెరా పట్టుకుంటుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. 100ను 24తో భాగిస్తే సరిగ్గా తెగదు. ఒక ఫ్రేముకు కాస్త ఎక్కువ వెలుగు, తర్వాతి ఫ్రేముకు కాస్త తక్కువ అందుతుంది. గోడ ఊపిరి పీలుస్తున్నట్టు కనిపిస్తుంది. అమెరికాలో కరెంటు 60 ఆవృత్తాలు, అంటే లైటు 120 సార్లు వెలుగుతుంది. 120ని 24తో భాగిస్తే చక్కగా 5. అక్కడ 24 ఫ్రేముల్లో తీస్తే ఈ బాధ రాదు. మనదగ్గర దీనికి విరుగుడు, ఫ్రేముకు వెలుగు పడే సమయం సరిగ్గా సెకనులో 50వ వంతు ఉండేలా షట్టరును 172.8 డిగ్రీలకు పెట్టడం. అప్పుడు ప్రతి ఫ్రేముకూ రెండు పూర్తి మెరుపులు అందుతాయి. ఈ అంకె మన అసిస్టెంట్ కెమెరామన్లకు నోటికి వచ్చు. కెమెరా మెనూలో ఆ అంకె లేకపోతే? అమెరికాలో మాత్రమే పరీక్షించినవాడికి అది లోటుగానే తోచదు. అందుకని కొత్త కెమెరా పరీక్ష ఏ ఊళ్లో, ఏ కరెంటు కింద, ఎవరి మీద జరిగిందన్నది చిన్న విషయం కాదని నా నమ్మకం.

ఎవరి మీద అన్నప్పుడు ఒక పాత సంగతి చెప్పుకోవాలి. ఫిల్ము రోజుల్లో కోడాక్ కంపెనీ ఫొటో ల్యాబులకు రంగులు సరిచూసుకోవడానికి ఒక కార్డు పంపేది. దాని మీద ఒక తెల్లమ్మాయి బొమ్మ ఉండేది. తొలి కార్డు మీది అమ్మాయి పేరు షర్లీ కావడంతో వాటికి షర్లీ కార్డులని పేరు స్థిరపడింది. ఆమె చర్మం బాగా వస్తే రంగులు సరిగ్గా ఉన్నట్టు. దశాబ్దాల పాటు లెక్క అదే. నల్లని, చామనఛాయ ముఖాలు మట్టిరంగులో కలిసిపోతున్నాయని ఎవరూ ఆ కార్డు చూసి కనిపెట్టలేరు, ఎందుకంటే ఆ ముఖాలు కార్డులోనే లేవు. డిజిటల్ కెమెరాలోనూ రంగులు ఆకాశం నుంచి ఊడిపడవు. సెన్సర్ పట్టింది అంకెలే. ఏ అంకెను ఏ రంగుగా చూపాలో కొందరు మనుషులు కూర్చుని నిర్ణయిస్తారు. ఆ నిర్ణయం జరిగేటప్పుడు వాళ్ల ముందు ఏ ముఖాలు ఉన్నాయన్నది ముఖ్యం. చెమట పట్టిన చామనఛాయ నుదురు మీద వెలుగు పడితే పుట్టే మెరుపు వేరు, మేకప్పు వేసిన తెల్లని చెంప మీది మెరుపు వేరు. మొదటిదాన్ని అందంగా చూపగల కెమెరా మనకు కావాలి.

ఇంతవరకు బొమ్మ సంగతి. చేతికి సంబంధించినవి కూడా ఉన్నాయి, త్వరగా చెప్పేస్తాను. మీట ఎక్కడ ఉండాలి, ఫోకసు తిప్పే ఫోకస్ పుల్లర్ నిలబడే వైపు చిన్న తెర ఉందా, బ్యాటరీ మార్చినప్పుడు కెమెరా మళ్లీ లేవడానికి ఎంతసేపు పడుతోంది, లోపలి ఫ్యాను చప్పుడు సౌండ్ రికార్డిస్టు మైకులోకి వస్తోందా. రోజుకు 12 గంటలు ఆ యంత్రంతో గడిపేవాళ్లే వీటికి జవాబు చెప్పగలరు. బ్లాక్‌మ్యాజిక్ అనే ఆస్ట్రేలియా కంపెనీ 2012 ఏప్రిల్‌లో 2,995 డాలర్లకే సినిమా కెమెరా ఇస్తామని ప్రకటించినప్పుడు, దాని నమూనాను ముందుగా వాడిచూసినవాడు అదే దేశపు సినిమాటోగ్రాఫర్ జాన్ బ్రాలీ. ఆయన తీసిన దృశ్యాలు చూసి బొమ్మ బాగుందని అందరూ ఒప్పుకున్నారు. కానీ ఆ కెమెరాలో శబ్దం ఎంత స్థాయిలో రికార్డవుతోందో చూపించే మీటర్లు మొదట్లో లేవు. తర్వాత సాఫ్ట్‌వేరు మార్చి కలిపారు. ఆ ఏడాది జులైలో రావలసిన కెమెరాలు చాలామందికి నెలల తరబడి రాలేదు, సెన్సర్ మీద బిగించే గాజులో లోపాలు తేలడమే కారణం. నమూనా ఒకటి బాగా పనిచేయడం వేరు, అలాంటివి వేలల్లో తయారుకావడం వేరు.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం 2008లో న్యూయార్క్‌లో జరిగింది. విన్సెంట్ లాఫొరే వార్తా ఛాయాచిత్రకారుడు. పులిట్జర్ బహుమతి పొందిన న్యూయార్క్ టైమ్స్ బృందంలో ఒకడు. కానన్ కంపెనీ కొత్తగా తయారుచేసిన 5డి మార్క్ 2 అనే స్టిల్ కెమెరా ఇంకా విడుదల కాలేదు. అందులో పూర్తి హెచ్‌డీ వీడియో కూడా తీయవచ్చని తెలిసి, వారాంతానికి ఒకసారి ఇవ్వమని పట్టుబట్టి తెచ్చుకున్నాడు. సొంత డబ్బు పెట్టి, మిత్రులను కూడగట్టి, రాత్రిపూట నగర వీధుల్లో ‘రెవరీ’ అనే చిన్న చిత్రం తీశాడు. సెప్టెంబరులో అది బయటికి వచ్చాక కొద్దిరోజుల్లోనే పది లక్షలకు పైగా జనం చూశారు.

అందులో వాళ్లను కదిలించింది రాత్రి. ఆ కెమెరా సెన్సర్ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు. అప్పటి వీడియో కెమెరాల్లో ఉండే సెన్సర్లు దాని పక్కన గోరంత. పెద్ద సెన్సర్ కాబట్టి వీధిదీపాల వెలుగే సరిపోయింది. మనిషి ముఖం మాత్రం తేటగా ఉండి వెనక దీపాలు మసకగా, గుండ్రంగా కరిగిపోయాయి. అంతవరకు అలాంటి బొమ్మ కావాలంటే పెద్ద కెమెరా, పెద్ద లెన్సులు, లైటింగ్ యూనిట్ అద్దెకు తేవాలి. ఇక్కడ ఒక స్టిల్ కెమెరా ఆ పని చేసింది. కానన్‌వాళ్లు వీడియో పెట్టింది వార్తాసంస్థల విలేకరుల కోసం. సినిమావాళ్లు దాన్ని ఎత్తుకుపోతారని ఊహించలేదు.

ఇదే ఉదాహరణలో జాగ్రత్తగా చూడవలసిన సంగతీ ఉంది. ‘రెవరీ’ చూసి కెమెరా కొన్నవాళ్లకు ఇంటికి వెళ్లాక కొన్ని తెలిశాయి. అది 30 ఫ్రేముల్లోనే తీస్తుంది, సినిమాకు కావలసిన 24 లేదు. వీడియో తీసేటప్పుడు ఎక్స్‌పోజరు దానంతట అదే మారుతుంది, మన అదుపులో ఉండదు. కెమెరాను వేగంగా పక్కకు తిప్పితే కరెంటు స్తంభాలు ఏటవాలుగా వంగిపోతాయి. సన్నగళ్ల చొక్కా మీద రంగురంగుల అలలు లేస్తాయి. ఇవేవీ లాఫొరే దాచలేదు. ఆయన తన నైపుణ్యంతో వాటిని తప్పించుకున్నాడు, అంతే. కెమెరామన్‌గా అది ఆయన గొప్పతనం. కాని చూసినవాళ్లు ఆ గొప్పతనాన్ని కెమెరా ఖాతాలో వేశారు. వాడినవాళ్లంతా అడగ్గా అడగ్గా 2009 జూన్‌లో ఎక్స్‌పోజరును చేతి అదుపులోకి తెచ్చే కొత్త సాఫ్ట్‌వేరు వచ్చింది, 2010 మార్చిలో 24, 25 ఫ్రేములు వచ్చాయి. స్తంభాలు వంగడం, అలలు లేవడం ఆ కెమెరాను వదలలేదు, ఎందుకంటే అవి సాఫ్ట్‌వేరుతో పోయేవి కావు. ఆ తర్వాత ఏడాది, 2011లో, రాంగోపాల్ వర్మ అయిదుగురు సాంకేతిక నిపుణులతో, ఇదే తరహా కానన్ కెమెరాలతో, అయిదు రోజుల్లో ‘దొంగల ముఠా’ తీశాడు. న్యూయార్క్‌లో ఒక వారాంతం జరిగిన ప్రయోగం మూడేళ్లు తిరగకుండానే మన తెర మీదికి వచ్చిందన్నమాట.

లాఫొరే కెమెరాను అరువు తెచ్చుకున్నాడు. సినిమాటోగ్రాఫర్ రోజర్ డీకిన్స్ మరో మెట్టు ఎక్కి, బజారులో ఇంకా లేని కెమెరాను తొందరపెట్టి తెప్పించుకున్నాడు. సామ్ మెండెస్ దర్శకత్వంలో ‘1917’ తీయాలని అనుకున్నప్పుడు, కథంతా ఒకే షాటులో జరుగుతున్నట్టు కనిపించాలన్నది ప్రణాళిక. ఇద్దరు సైనికులు కందకాల్లోంచి, శిథిలాల్లోంచి, నదిలోంచి వెళుతుంటే కెమెరా వాళ్లను వదలకూడదు. డీకిన్స్‌కు జర్మనీలోని ఆరి కంపెనీ పెద్ద సెన్సర్ కెమెరా అలెక్సా ఎల్‌ఎఫ్ ఇచ్చే బొమ్మ కావాలి. అది 2018లోనే వచ్చింది, కాని దాని బరువు ఏడు కిలోలు దాటుతుంది. లెన్సు, బ్యాటరీ, మిగతా సరంజామా కలిపితే ఇంకా ఎక్కువ. సన్నటి కందకంలో, బురదలో, నిమిషాల తరబడి దాన్ని మోసుకుని వెనక్కి నడవడం అయ్యే పని కాదు. ఇదే సెన్సర్‌తో చిన్న కెమెరా చేసే ఆలోచన ఉందా అని ఆయన కంపెనీని అడిగాడు. ఉంది గాని సినిమా షూటింగు వేళకు అందాలంటే తొందరపడాలి. 2019 తొలినెలల్లోనే నమూనాలు ఆయన చేతికి వచ్చాయి. మార్చిలో కంపెనీ అలెక్సా మినీ ఎల్‌ఎఫ్ అని లోకానికి ప్రకటించింది. ఏప్రిల్ మొదట్లో ఇంగ్లండులో షూటింగు మొదలైంది. కొత్త కెమెరా బరువు 2.6 కిలోలు.

ఆ తేడా తెర మీద ఏం చేసిందో ఒక్క దృశ్యం చాలు చెప్పడానికి. సినిమా చివర, దాడి మొదలవుతున్న మైదానానికి అడ్డంగా సైనికుడు పరుగెత్తే చోట, కెమెరా ఒకే టేకులో మనిషి చేతుల నుంచి క్రేనుకు, వాహనానికి మారుతూ పోయింది. ప్రతి మార్పిడిలో ఒకరి చేతి నుంచి జారక ముందే ఇంకొకరు అందుకోవాలి, తెర మీద చిన్న కుదుపు కూడా కనపడకూడదు. పొలంలో పనివాళ్లు బుట్టలు అందించుకున్నట్టు సాగాలి. ఎనిమిది కిలోల బుట్టను అలా అందించుకోలేరు. అదీగాక ఎండ వచ్చి నీడలు పడితే రేపటి షాటుతో కలవదు. కాబట్టి యూనిట్ అంతా మబ్బు కోసం ఎదురుచూసేది, మబ్బు పట్టిన కాసేపట్లో షాటు ముగించాలి. అలాంటి కాసేపట్లో కొత్త కెమెరా మొరాయిస్తే ఆ రోజు పోయినట్టే. అయినా డీకిన్స్ దాన్ని తీసుకున్నాడంటే, 2011 నాటి ‘ఇన్ టైమ్’ నుంచి ఆరి కంపెనీ డిజిటల్ కెమెరాలతో ఆయనకు ఉన్న పరిచయమే ధైర్యం. 2020లో ‘1917’ ఛాయాగ్రహణానికి ఆస్కార్ వచ్చింది. ఆరి కంపెనీ మ్యూనిక్‌లో మొదలైన సంవత్సరం కూడా 1917 కావడం కాకతాళీయమే గాని, చెప్పుకోకుండా ఉండలేకపోయాను.

ఇలాంటిదే ‘టాప్ గన్: మావరిక్’లోనూ జరిగింది. యుద్ధవిమానం కాక్‌పిట్‌లో ఆరు కెమెరాలు పెట్టాలి, చోటు లేదు. వెనిస్ కెమెరా నుంచి సెన్సర్ ఉన్న ముందు భాగాన్ని విడదీసి, కేబులుతో కలిపే సోనీ ఏర్పాటు అక్కడ పనికొచ్చింది. తర్వాత అది మార్కెట్లో ఎవరైనా కొనుక్కునే వస్తువు అయింది.

ఇలా నమూనా కెమెరాను ముందే చేతికివ్వడం కంపెనీకి, సినిమావాళ్లకు ఇద్దరికీ లాభం ఉన్న వ్యవహారం. కంపెనీకి లోపాలు ముందే తెలుస్తాయి, పెద్ద పేరు ఒకటి తోడవుతుంది. సినిమాటోగ్రాఫర్‌కు ఇతరులకన్నా ముందు కొత్త పనిముట్టు దొరుకుతుంది, దాని రూపురేఖల్లో తన మాట చెల్లుతుంది. నమూనా తీసుకున్నవాళ్లు నోరు విప్పకూడదని ఒప్పందాలు రాయించుకోవడం మామూలే. లోపాలు కంపెనీకి చెవిలో చెబుతారు, అందమైన షాట్లు లోకానికి చూపిస్తారు. ఇది మోసం అనను. అంగడి పెట్టేవాడు పుచ్చిన కాయను ముందుకు పెట్టడు. కాని చూసేవాళ్లం మనం ఈ తేడా ఎరిగి చూడాలి. విడుదలకు ముందు వచ్చే చిత్రంలో అంతా సాయంత్రపు ఎండ, సముద్రం ఒడ్డు, నెమ్మదిగా నడిచే అమ్మాయి మాత్రమే ఉంటే అది కెమెరా గురించి నాకు ఏమీ చెప్పలేదనే అనుకుంటాను. ఆ వెలుగులో ఏ కెమెరా అయినా బాగానే తీస్తుంది. ఫ్రేములో సూర్యుడు ఉన్నాడా, కిటికీ పక్కన నీడలో ముఖం ఉందా, కెమెరా వేగంగా తిరిగిందా, ట్యూబులైటు కింద ఒక్క షాటైనా ఉందా, నల్లని ముఖం, తెల్లని ముఖం ఒకే ఫ్రేములో ఉన్నాయా అని చూస్తాను. జాక్సన్ పొగలోకి, బురదలోకి వెళ్లడం నాకు అందుకే నచ్చింది.

మన దగ్గర తక్కువ ఖర్చుతో సినిమా తీసే కుర్రవాళ్లకు ఎవరూ నమూనా కెమెరాలు పంపరు. అద్దెకు తెచ్చుకునేదే వాళ్లకు కొత్త కెమెరా. మీరూ అలాంటివాళ్లయితే, షూటింగుకు వారం ముందే దాన్ని ఒక్క పూటకు తెచ్చుకోండి. మీ సినిమాలో నటించేవాళ్లలో అందరికన్నా నల్లగా ఉన్నవాళ్లను, అందరికన్నా తెల్లగా ఉన్నవాళ్లను పక్కపక్కన గుమ్మం నీడలో కూర్చోబెట్టండి. పైన చెప్పినట్టు ఒక్కో స్టాపు తెరుస్తూ, మూస్తూ తీయండి. తర్వాత లోపలికి వెళ్లి ఇంటి ట్యూబులైటు కింద ఒకసారి, షూటింగుకు రాబోయే జనరేటర్ వ్యాను మీద వెలిగే లైట్ల కింద మరోసారి తీయండి. జనరేటరు ఇచ్చే కరెంటు ఒక్కోసారి కచ్చితంగా 50 దగ్గర నిలవదు, అప్పుడు 172.8 కూడా కాపాడదు. నల్లకోటో, నల్లచీరో ఎన్‌డీ ఫిల్టరు వేసి ఎండలో తీయండి. కెమెరాను గంటసేపు ఎండలోనే ఆన్ చేసి వదిలేసి, ఆ తర్వాత ఫోకసు గుర్తులు ఉదయం పెట్టినచోటే ఉన్నాయో లేదో టేపు పట్టి కొలవండి. ప్రతి షాటు ముందు పలక మీద లెన్సు, స్టాపు, షట్టరు రాసి చూపించండి. ఆ సాయంత్రమే కార్డు తీసుకెళ్లి మీ డీఐ చేయబోయే మనిషి పక్కన కూర్చుని, పెద్ద తెర మీద, లైట్లు ఆర్పి చూడండి.